రాఖీకి పెడితే దసరాకు దిగుతది: మెర్జెన్, ఫెస్ట్‌బియర్, మన వరంగల్ ముచ్చట

తమ్ముడు అడిగింది ముందుగాల మళ్ల ఒకసారి రాస్తున్న, కొత్తగ చూసేటోళ్లకు సమజ్ కావాలె గదా. తమ్ముడు హన్మకొండల ఉంటడు, పోయినేడు హైదరాబాద్‌ల ఒక పబ్బుల ‘అక్టోబర్‌ఫెస్ట్ స్పెషల్’ (జర్మనీల మ్యూనిక్ ఊరి పండుగ పేరు అది) అని బోర్డు చూసి తాగితే ఎర్రగ, తియ్యగ, చక్కెర పాకం లెక్క ఉందట. మ్యూనిక్‌ల చదువుకునే దోస్తు మాత్రం అక్కడి పండుగ టెంటుల తాగుకుంట ఫొటో పెట్టిండట, అది చూస్తే బంగారం రంగుల తేటగ ఉంది. ఏది అసలుది, దసరాకు అసొంటిది మనకు దొరుకుతదా, వరంగల్‌ల ఎవరన్న బీరు వండుడు పెడితే నడుస్తదా, ఇవీ ప్రశ్నలు.

నా సంగతి కొంచెం చెప్తే నా మాట ఎంతవరకు నమ్మాలెనో నీకే తెలుస్తది. కాకతీయ యూనివర్సిటీల చదివిన, సంగారెడ్డి దిక్కు ఒక పెద్ద బీరు ఫ్యాక్టరీ ల్యాబుల కొన్నేండ్లు చేసిన, తర్వాత హైదరాబాద్‌ల రెండు బ్రూపబ్బులల్ల, అంటే బీరు ఆడనే వండి పోసే పబ్బులల్ల, వండినోన్ని. ఇప్పుడు మళ్ల కాజీపేటకే వచ్చి పడ్డ. జర్మన్ లాగర్లంటే, అంటే చల్లగ మెల్లగ పులియబెట్టే బీర్లంటే, నాకు కొంచెం పిచ్చి, అందుకే జవాబు పొడుగైతది, ఏమనుకోకు.

సూటిగ చెప్పాల్నంటే ఎర్రదీ (మెర్జెన్) అసలుదే, బంగారం రంగుదీ (ఫెస్ట్‌బియర్) అసలుదే, కాని నువ్వు తాగింది మాత్రం ఆ రెండిట్ల ఏదీ కాదు.

ఎట్లనో చెప్పాల్నంటే ముందు కల్లు ముచ్చట చెప్పాలె. మన దగ్గర కల్లుకు సీజన్ ఉంటదని ఎవలకూ చెప్పే పనిలేదు, ఈతకల్లు వేరు తాటికల్లు వేరు, తాటికల్లులనే పోద్దాళ్ల రుచి ఒకటి పరుపుతాళ్ల రుచి ఒకటి పండుతాళ్ల రుచి ఒకటి, మా తాతనైతే ముంత మూతికాడ పెట్టుకుంటనే చెప్పేటోడు ఏ చెట్టుదో. ఇంకోటి కూడ మనకు తెలుసు, తెల్లారంగ గౌడన్న దించిన లొట్టి తియ్యగుంటది, అదే లొట్టి పొద్దెక్కినంక నురగ కట్టి పుల్లగైతది, ఎండాకాలమైతే ఇంకా జల్ది. గాలిల ఉండే ఈస్టు (పులియబెట్టే సూక్ష్మజీవి), బ్యాక్టీరియా వేడికి రెచ్చిపోతయి, అంతే కథ. సరిగ్గ ఇదే బాధ జర్మనీల బవేరియా వాళ్లకు కూడ ఉండె. ఎండాకాలం వండిన బీరు పులిసి కంపు కొట్టేది, ఎందుకో అప్పట్ల ఎవలకూ తెల్వదు, ఈస్టు అనేది ఒకటి ఉంటదనే తెల్వదు. 1516ల బీరు వండుడు మీద వాళ్లు పెట్టిన కట్టడిల బార్లీ, హాప్స్ (బీరుకు చేదు తెచ్చే పువ్వు), నీళ్లు ఈ మూడే రాసిండ్రు, ఈస్టు పేరు దాంట్ల లేనే లేదు. కారణం తెల్వకున్నా ఏటా ఎండాకాలం చెడిపోతుంటే చూస్తరు గదా, అందుకని 1553ల రాజుగారు ఇంకో ఆర్డర్ ఏసిండు: ఏప్రిల్ 23 సంది సెప్టెంబర్ 29 దాంక ఎవడూ బీరు వండొద్దు.

మరి ఆ ఐదు నెలలు తాగుడెట్ల? అందుకే మార్చిల పొయ్యి ఆర్పేముందు జర చిక్కగ, మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) ఎక్కువేసి, హాప్స్ ఎక్కువేసి వండి, గుట్టల్ల తొవ్విన నేలమాళిగలల్ల పీపాలు పెట్టేటోళ్లు. చలికాలం చెరువుల మీద కట్టిన మంచుగడ్డలు కోసి తెచ్చి లోపల పేర్చేటోళ్లు, పైన నేలకు ఎండ తగలొద్దని చెస్ట్‌నట్ చెట్లు పెట్టేటోళ్లు. ఆ చెట్ల కింద బల్లలేసి అక్కడికక్కడనే అమ్ముడు మొదలుపెట్టిండ్రు, గవే ఇప్పటి బీర్ గార్డెన్లు. మార్చిని వాళ్ల భాషల మెర్ట్స్ అంటరు, మార్చిల వండిన బీరు కాబట్టి మెర్ట్‌సెన్. మన పబ్బులల్ల మెర్జెన్ అంటరు, పర్వాలేదు, నేను కూడ అట్లనే రాస్తున్న. లాగర్ అన్న మాటకు అర్థం కూడ దాచిపెట్టుడే, లాగెర్న్ అంటే వాళ్ల భాషల నిల్వ చేసుడు. ఇది మనసుల పెట్టుకో, మిగతాదంత దీని మీదనే నడుస్తది.

సెప్టెంబర్ ఆఖరుకు కొత్త పంట బార్లీ వస్తది, కొత్త బీరు వండాలె, పీపాలు ఖాళీ కావాలె. మిగిలిన మార్చి బీరు అంత అప్పుడు తాగేసుడే. అక్టోబర్‌ఫెస్ట్ అనేది మాత్రం బీరు పండుగగ మొదలుకాలె, 1810 అక్టోబర్ 12న బవేరియా యువరాజు లుడ్విగ్ పెండ్లి అయితే కొన్ని రోజులకు ఊరి బయట మైదానంల గుర్రపు పందాలు పెట్టిండ్రు, ఏడాదికోసారి చేద్దామనుకున్నరు, బీరు తర్వాత వచ్చి చేరింది. మన జాతరలల్ల కూడ దేవుడు ఒకదిక్కు, దుకాణాలు ఒకదిక్కు పెరుగుతయి చూడు, అట్లన్నట్టు.

రంగు ముచ్చటకొస్తే, 1841ల వియన్నల ఆంటన్ డ్రేయర్, మ్యూనిక్‌ల ష్పాటెన్ బ్రూవరీ గాబ్రియెల్ జెడ్ల్‌మయర్ ఇద్దరు దోస్తులు, ఒకే ఏడాది కొత్తరకం మాల్టుతోని లాగర్లు తెచ్చిండ్రు, డ్రేయర్‌ది కొంచెం ఎరుపు, జెడ్ల్‌మయర్‌ది ఇంకొంచెం ముదురు. 1872ల ఆ ఎర్ర మెర్జెన్ పండుగల అమ్ముడువోయి అక్కడికెల్లి వందేండ్లు అదే పండుగ బీరైంది. తర్వాత 1970లల్ల మ్యూనిక్‌ల పౌలానర్ బ్రూవరీ వాళ్లు ఏమనుకున్నరంటే, లీటర్ మగ్గులల్ల తాగేటోనికి ఇంత చిక్కటిది రెండో మగ్గుకే కడుపు నిండిపోతుంది, రంగు తగ్గించి తేలికగ చేద్దామని. మెల్లమెల్లగ అందరూ అదే తొవ్వ పట్టిండ్రు, 1990 సంది మ్యూనిక్ టెంటులల్ల పోసేదంత బంగారం రంగుదే. దాన్నే ఫెస్ట్‌బియర్ అంటున్నరు. ఆల్కహాల్ రెండిట్లా దగ్గరదగ్గర 6 శాతం, కాబట్టి తేటగుంది గదా అని నీళ్ల లెక్క తాగితే పండబెడ్తది. ఆ టెంటులల్ల ఆరు బ్రూవరీల బీరు తప్ప వేరేది పొయ్యరు: ఔగుస్టినర్, హాకర్ ప్షోర్, హోఫ్‌బ్రోయ్, లోవెన్‌బ్రోయ్, పౌలానర్, ష్పాటెన్. మీ దోస్తు తాగింది వీటిల్ల ఒకటి. 2025ల లీటర్ మగ్గు 14.50 నుంచి 15.80 యూరోల దాంక ఉండె, అంటే మన లెక్కల ఒక్క మగ్గు పదిహేను వందల పైమాటే, అది కూడ ఫొటోల పెట్టమను.

మరి నువ్వు తాగిన ఎర్రపాకం ఎక్కడికెల్లి వచ్చిందంటే అమెరికా దిక్కుకెల్లి. అమెరికాల సీసాల మీద అక్టోబర్‌ఫెస్ట్ అని రాస్తే ఇప్పటికీ చానవరకు ఎర్రదే ఉంటది. మన బ్రూపబ్బులోళ్లల్ల చానమంది రెసిపీలు ఆడికెల్లే పట్టుకొస్తరు, దాంట్ల తప్పులేదు, ఎర్ర మెర్జెన్ మంచిగ వండితే నాకైతే ఫెస్ట్‌బియర్ కంటె అదే ఎక్కువ ఇష్టం. తప్పు ఎక్కడంటే మ్యూనిక్ మాల్టు, వియన్నా మాల్టు ఎక్కువేసి తేవాల్సిన రుచిని కారామెల్ మాల్టు గుమ్మరించి తెస్తరు. తేడా ఎట్ల చెప్పాలె... మనింట్ల సర్వపిండి చేస్తరు గదా, గంజుకు ఒత్తి మూతపెట్టి సన్నమంట మీద పెడితే అడుగు ఎర్రగైతది, మాడదు, తియ్యగుండదు, కాని కమ్మటి వాసన వస్తది, నువ్వులు పల్లీల వాసన కలిసి. మ్యూనిక్ మాల్టు రుచి గదే. కారామెల్ మాల్టు ఎక్కువైతే అదే సర్వపిండి మీద బెల్లంపాకం పోసినట్టు. మంచి మెర్జెన్ నోట్ల పెట్టుకున్నప్పుడు రొట్టె అంచు లెక్క అనిపించి, మింగేసరికి నాలుక పొడిగ అయిపోవాలె. మింగినంక పెదాలు అంటుకున్నయంటే అది మెర్జెన్ కాదు.

ఇగ అసలు లొల్లి టైముది. మన పబ్బులల్ల ఎక్కడవోయినా గోధుమ బీరు, హెఫెవైజెన్, కచ్చితంగ ఉంటది, ఎందుకో తెలుసా? అది ఏల్ ఈస్టు, 18–22 డిగ్రీలల్ల పులుస్తది, వడగట్టే పని లేదు, రెండు వారాలల్ల గ్లాసుల ఉంటది. లాగర్ ఈస్టు వేరు, 8–12 డిగ్రీలల్ల మెల్లగ పనిచేస్తది, ఆ పని పది పన్నెండు రోజులు, దాని మీద 0–2 డిగ్రీలకు దించి కనీసం నాలుగైదు వారాలు ఊరికె పండబెట్టాలె. అంటే వెయ్యి లీటర్ల ట్యాంకు ఒకటి ఉందనుకో, ఆరు వారాలల్ల గోధుమ బీరైతే మూడుసార్లు తీస్తవు, మూడువేల లీటర్లు. మెర్జెన్ అయితే వెయ్యే. కిరాయి అదే, కరెంటు బిల్లు ఇంకా ఎక్కువ, లైసెన్స్ ఫీజు ఎట్లాగూ కట్టాల్సిందే. మే నెలల బయట 44 డిగ్రీలు ఉన్నప్పుడు లోపల ట్యాంకు ఒక డిగ్రీ కాడ ఆపుడంటే చిల్లర్ మోత నిద్రల కూడ వినపడ్తది, నాకు ఇప్పటికీ వినపడ్తది. బవేరియా వాళ్లు చెరువుల మంచుగడ్డ కోసుకున్నరు, మనం యూనిట్ల లెక్కన కొనుక్కుంటున్నం.

నా సొంత కథ ఒకటి చెప్త. పేరు వద్దు, ఒక పబ్బుల చేస్తున్నప్పుడు ఓనర్ ఆగస్టు ఆఖర్ల వచ్చి ‘సెప్టెంబర్ 20కి అక్టోబర్‌ఫెస్ట్ బోర్డు పెడ్తున్న, ఎర్రబీరు కావాలె’ అన్నడు. మూడు వారాలే ఉన్నయి సార్ అంటే, గోధుమ బీరు రెండు వారాలకు ఇస్తున్నవు గదా, ఇది మూడు వారాలకు రాదా అన్నడు. చెప్పి చూసిన, కాలె, వండిన. పదకొండో రోజుకే చల్లబెట్టిన, పద్దెనిమిదో రోజు ట్యాంకు కింది చిన్న కొళాయి తిప్పి గ్లాసుల పట్టి వాసన చూస్తే... ఇంటర్వెల్ టైముల థియేటర్ బయట పాప్‌కార్న్ మిషన్ కాడ నిలవడ్డట్టు ఉంది. వెన్న వాసన. దాన్ని డయాసెటైల్ అంటరు, ఈస్టు పులియబెట్టేటప్పుడు ఒక పదార్థం వదుల్తది, అది డయాసెటైల్‌గ మారుతది, టైమిస్తే ఆ ఈస్టే మళ్ల దాన్ని తినేస్తది. పులుసుడు ముప్పావు వంతు అయినంక ట్యాంకును 15–16 డిగ్రీలకు లేపి రెండుమూడు రోజులు ఉంచితే తిని సాఫ్ చేస్తది. నేను గాబరాల దాన్ని జల్ది చల్లబెట్టేసిన, ఈస్టు పండుకుంది, వెన్న అట్లనే మిగిలింది. తప్పు నాది కూడ ఉంది, ఓనర్ మీదనే ఎందుకేస్త.

పారబోద్దామన్న. వినలే. బోర్డు పెట్టిండు, పోసిండు. అసలు బాధ ఏందంటే జనాలకు నచ్చింది! ‘అన్నా బిస్కట్ లెక్క భలే ఉందే’ అని ఒకాయన మూడు గ్లాసులు తాగి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చిపోయిండు. ఓనర్ నా దిక్కు చూసి నవ్విండు. మరుసటి ఏడు అదే టైంకు అదే బీరు అడిగిండు, నేను ఆ నెలనే మానేసిన.

అందుకే నీకు ఒక ఇంటి పరీక్ష చెప్త. గ్లాసు రాంగనే సగం తాగి సగం పక్కకు పెట్టు, పది పదిహేను నిమిషాలు ఆగు, చల్లదనం దిగినంక వాసన చూడు. చల్లగ ఉన్నప్పుడు ఏ వాసనా తెల్వది, మన వైన్స్ కాడ ‘కూలింగ్ ఉన్నదా’ అని అడుగుడు తప్ప వేరేదేదీ అడగకపోవుడు అందుకే, గడ్డకట్టే చలిల అన్నీ ఒకటే. వేడైనంక రొట్టె వాసన వస్తే మంచిది. వెన్న వస్తే తొందరపడ్డరని. ఉడికిన మక్కకంకి వాసన వస్తే కాచుడు సరిగ్గ కాలేదని, లేకుంటే కాచినంక జల్ది చల్లబెట్టలేదని. తడి అట్టముక్క వాసన వస్తే పాతదైందని. ఇంపోర్టు సీసాలల్ల ఈ ఆఖరుది ఎక్కువ కనపడ్తది, ఓడల వచ్చి, గోదాంల ఉండి, మన ఎండలల్ల తిరిగి వచ్చినయి గదా, సీసా మీద తేదీ చూడకుండ పైసలియ్యకు.

ఇప్పుడు దసరా లెక్క, ఇది నేను కాయితం మీద పెట్టుకున్న లెక్క, ఎవలన్న బ్రూవర్లు చదువుతుంటే పనికొస్తది. శ్రావణ పున్నమికి రాఖీ. ఆడికెల్లి ఆశ్వయుజ దశమికి దసరా. బహుళ పదిహేను, భాద్రపదం నెల, మళ్ల దశమి దాంక పది, ఎట్ల చూసినా యాభై నాలుగు యాభై ఐదు రోజులు. నడుమ అధికమాసం పడ్డ ఏడు తప్ప ఎప్పుడైనా ఇంతే. పన్నెండు రోజులు పులుసుడు, మూడు రోజులు వేడికి లేపుడు, అయిదున్నర వారాలు చల్లగ పండుడు, సరిగ్గ సరిపోతది! రాఖీ నాడు చెల్లెతోని రాఖీ కట్టించుకొని పోయి పొయ్యి మీద పెడితే సద్దుల బతుకమ్మ నాటికి తేట పడ్తది, దసరాకు దిగుతది. వినాయకచవితి దాటినంక మొదలుపెట్టినోడు ఎవడన్న దసరాకు మెర్జెన్ అన్నడంటే నమ్మకు.

ఒకటి యాదికుంచుకో, 2025ల దసరా అక్టోబర్ 2న వచ్చింది, గాంధీ జయంతి, డ్రై డే. మ్యూనిక్‌ల అదే టైంకు పండుగ జోరుగ నడుస్తుంది, సెప్టెంబర్ 20 నుంచి అక్టోబర్ 5 దాంక. మనోళ్లు మాత్రం ఒకటో తారీఖు రాత్రి వైన్స్ ముందల లైను కట్టిండ్రు. అసొంటి ఏడు నీ మెర్జెన్ ముందురోజే తాగాలె, ఏం చేస్తం.

మిగతా సీజన్ బీర్లు జల్ది చెప్త. బాక్ అనేది ఐన్‌బెక్ అనే ఊరి బీరు, బవేరియా వాళ్ల నోట్ల ఆ ఊరి పేరు తిరిగి తిరిగి ‘ఐన్ బాక్’ అయింది, అంటే ‘ఒక మేకపోతు’, అందుకే లేబుల్ మీద మేకపోతు బొమ్మ. డబుల్ బాక్ అంటే ఇంకా చిక్కటిది, మ్యూనిక్‌ల పౌలా సన్యాసులు ఈస్టర్ ముందు ఉపాసాలల్ల అన్నం బదులు తాగెటోళ్లట, రొట్టె తినొద్దు గని రొట్టె నీళ్లు తాగొచ్చు అన్నట్టు. వాళ్ల బీరు పేరు సాల్వేటర్, దాన్ని చూసి వేరేటోళ్లంత ‘ఏటర్’ అని తోక పెట్టుకున్నరు. ఆ ఉపాసాలు మన శివరాత్రి చుట్టుపక్కలనే మొదలైతయి, అయితే శివరాత్రి ఉపాసానికి ఇది పెట్టుకుంటే మా అమ్మ చీపురు పట్టుకుంటది, అది నీ రిస్కు. మైబాక్ మే నెలది, తేట రంగు, మన ఎండకు 7 శాతం ఆల్కహాల్ ఎవడు ఓర్చుకుంటడు, నేనైతే మన దగ్గర వండను. ఎండాకాలానికి హెల్లెస్ ఉంది, 1894ల ష్పాటెన్ వాళ్లు తెచ్చింది, సుమారు 5 శాతం, సాదాగ, తేటగ. చూడనీకి ఏముంది దీంట్ల అనిపిస్తది, కాని వండుడు అన్నింటికంటె కష్టం, తప్పు దాచనీకి కారామెల్ లేదు, హాప్స్ కూడ ఎక్కువ ఉండవు.

వరంగల్‌ల నడుస్తదా అంటే... చూడు, మన జనాలు లాగర్ తాగనోళ్లు కాదు, తాగేదంత లాగరే. వైన్స్‌ల దొరికే 650 ఎంఎల్ సీసాలు, లైటైనా స్ట్రాంగైనా, దాదాపు అన్నీ లాగర్లే. పెద్ద ఫ్యాక్టరీలు చానవరకు చిక్కగ వండి ఆఖర్ల నీళ్లు కలిపి సరిచేస్తయి, బియ్యం నూకలో చక్కెరో కలుస్తది, రుచి తక్కువ, కిక్కు ఎక్కువ, అది వేరే లెక్క. వాటిని తక్కువ చేసి మాట్లాడను, లక్షల సీసాలు ఒకటే తీరుగ రావాలంటే ఎంత పనో నాకు తెలుసు. 2025 ఫిబ్రవరిల ధర 15 శాతం పెరిగితే మా గల్లీల పది రోజులు వేరే ముచ్చటే లేదు. అసొంటి కాడ ఒక్క గ్లాసుకు మూడింతల ధర పెట్టి, ఆరు వారాల కథ చెప్పి, 6 శాతమే ఉంటది అంటే ‘స్ట్రాంగ్ లేదా’ అని అడుగుతడు. అడగనీ, తప్పులేదు. వరంగల్‌ల ఎవడన్న పెడితే మొదటి రోజే మెర్జెన్ పెట్టొద్దని నా మాట. గోధుమ బీరు ఒకటి, హెల్లెస్ ఒకటి, మామిడికాయల సీజన్ల ఏదో పండుది ఒకటి, వీటితోని ట్యాంకులు తిరగనీ. ఎన్‌ఐటీ, కాకతీయ మెడికల్ కాలేజీ, అమెరికా జర్మనీ పోయొచ్చిన పిల్లలు, మనిషి దొరుకుడు కష్టం కాదు. ఒక్క ట్యాంకు మాత్రం చిన్నది, మూడు నాలుగు వందల లీటర్లది, రాఖీ నాడు పక్కకు పెట్టి తాళమేసుకోవాలె. నీళ్ల గురించి భయం అక్కర్లేదు, మన బోరు నీళ్లు గట్టిగుంటయి నిజమే, కాని ఎవడైనా ఆర్‌ఓ చేసి కావాల్సిన ఉప్పులు మళ్ల కలుపుకుంటడు. ఇంకో మాట, ఇంట్ల వండి చూస్త అని కొందరు నాకు మెసేజ్ పెడ్తున్నరు, లైసెన్స్ లేకుండ వండుడు ఎక్సైజ్ కేసు, నన్ను రెసిపీ అడగకుండ్రి.

అప్పటిదాంక నీకు తొవ్వ ఒకటే, కాజీపేటల రైలెక్కి సికింద్రాబాద్ దిగుడు, రెండు గంటలు, రాత్రికి ఆడనే పండుడు, బండి మాత్రం తీస్కపోకు. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి, కొండాపూర్ దిక్కు చాన ఉన్నయి. తినేటిది కారం తక్కువది చెప్పుకో, హాప్స్ చేదుకు కారం తోడైతే నోరు మండుతది. కాల్చిన మాంసం, వేయించిన పల్లీలు, దొరికితే మక్కగారెలు, ఇవి మెర్జెన్‌కు కుదుర్తయి. నాకైతే ఇంటికాడ బోటి ఫ్రై పక్కన ఒక్క గ్లాసు మంచి మెర్జెన్ పెట్టుకోవాలని పదేండ్ల కోరిక, ఇప్పటిదాంక తీరలే.

ఆడ కూసున్నంక వెయిటర్‌ను ఒక్కటే అడుగు, ఇది ట్యాంకుల ఏ తారీఖు పోసిండ్రు అని. లోపలికి పోయి అడిగొచ్చి తారీఖు చెప్పిండంటే, వేళ్ల మీద లెక్కపెట్టుకో, యాభై రోజులకు దగ్గరుంటే కండ్లు మూసుకొని తెప్పించు. ‘నిన్ననే దించినం సార్, ఫుల్ ఫ్రెష్’ అన్నడనుకో, మారుమాట్లాడకుండ గోధుమ బీరు చెప్పుకో.